అర్థం చెప్పకూడని జడ్జి

"టైపు చేయడంలో సాయపడిన మా చెల్లాయికి." టైపట, టైపు! ఆవిడకి టైపే రాదు. కళ్ళద్దాల దుకాణంలో వచ్చినవాళ్ళ పేరు కంప్యూటర్లో ఎక్కించాలంటే కోడి గింజలేరుకున్నట్టు రెండు వేళ్ళతో ఒక్కో అక్షరమే ఏరుకుంటుంది, పేరు పూర్తయ్యేలోపు వచ్చినవాడు రెండుసార్లు ఆవులిస్తాడు. అలాంటి మనిషి టైపు చేసి సాయపడిందట. మొదటి పేజీలోని ఆ ముక్క ఏడోసారి చదివి చెల్లాయి పుస్తకం మూసింది. మూస్తే వెనక అట్ట మీద అన్నయ్య ఫోటో, గడ్డం కింద చెయ్యి, ఎక్కడో పైకి చూపు, మాటలన్నీ ఆకాశంలోంచి ఈయనగారి ఒళ్ళోకే రాలినట్టు. చూళ్ళేక మళ్ళీ తెరిచింది. అరికాలి మంట నెత్తికెక్కింది అని జనం ఊరికే అంటారనుకునేది ఇన్నాళ్ళూ, ఊరికే కాదు, నిజంగానే మడమల దగ్గర మొదలై మోకాళ్ళు దాటి, చెవుల్లోంచి బయటికొస్తోంది. ఎదురుగా ఆరడుగుల దూరంలో ఆ ఫోటోలో మనిషే కూర్చుని సంచిలో చెయ్యి పెట్టి బిళ్ళలు కలుపుతున్నాడు, గలగల గలగల. ఆ చప్పుడు చిన్నప్పట్నుంచీ ఆవిడకి ఇష్టం. ఇవాళ పళ్ళు నూరుతున్నట్టుంది. పక్కన ఇద్దరివీ గడియారాలు, మనిషికి అరగంట. అంటే ఇంకో గంట సేపు ఈ కుర్చీలో, ఈ మైకు ముందు, మూడొందల మంది కళ్ళ ముందు, మొహం మామూలుగా పెట్టుకుని కూర్చోవాలి. ఎందుకంటే ఆవిడ జడ్జి. ఇరవై రెండేళ్ళుగా జడ్జి.

జడ్జంటే తీర్పులు, వాదోపవాదాలు ఏమీ లేవు. ఇంగ్లీషు అక్షరాల బిళ్ళలు బోర్డు మీద పేర్చి మాట కట్టే ఆట ఇది. ఎదుటివాడు కట్టిన మాట మీద అనుమానం వస్తే గడియారం ఆపి, చెయ్యెత్తి, "జడ్జి!" అంటారు. జడ్జి వెళ్ళి ఆ మాటని చీటీ మీద రాసుకొస్తుంది. బల్ల మీద ఇటుకంత లావు జాబితా ఉంటుంది, అందులో అన్నీ మాటలే, వరసగా, చీమల బారులా. ఉందా, "చెల్లుతుంది." లేదా, "చెల్లదు." అంతే, ఒక్క ముక్క. చెల్లితే అడిగినవాళ్ళు ఒక వంతు పోగొట్టుకుంటారు, చెల్లకపోతే పెట్టినవాళ్ళు బిళ్ళలు వెనక్కి తీసుకుంటారు. అర్థం మాత్రం జడ్జి చెప్పకూడదు. అది మొదటి నియమం. అర్థం చెబితే ఆ మాటకి ఎస్, ఈడీ లాంటి తోకలు తగిలించడానికి ఎదుటివాళ్ళకి దారి చూపించినట్టవుతుందని కారణం చెబుతారు, కానీ అసలు సంగతి అది కాదు, ఇక్కడ ఎవరికీ అర్థం అక్కర్లేదు. జాక్స్ అని పెడతారు, ఎక్కువ అంకెలొచ్చే బిళ్ళ ఖర్చయిందని మురిసిపోతారు. అది ఇంటికప్పు పలకరాళ్ళని కోసే పనిముట్టని, ఎండలో ఎవడో నడుం వంచి దానితో రాళ్ళు చెక్కి పిల్లల్ని పోషించుకున్నాడని ఒక్కడికైనా పట్టిందా. దుకాణంలో గోడ మీద అక్షరాల పట్టికా అంతే. "పై వరస చదవండి, ఇప్పుడు కింది వరస, ఈ అద్దం బాగుందా, ఆ అద్దం బాగుందా?" రోజుకి నలభై మంది చదువుతారు, ఇందులో ఏం రాసుందమ్మా అని ఇన్నేళ్ళలో అడిగింది ఒక్క ముసలాయన, అదీ మొదటిసారి అద్దాలు పెట్టుకున్నాయన. ఏమీ రాసిలేదు తాతా అంటే, ఏమీ లేనిదాన్ని ఇంత కష్టపడి చదివించావా అని తిట్టి వెళ్ళాడు. ఆ రోజంతా ఆవిడకి సంతోషంగా ఉంది.

అలా అడిగే మనిషి ఇంట్లో ఒకతె ఉండేది. అమ్మ. అట్టముక్కలు కత్తిరించి అక్షరాలు రాసుకుని అన్నాచెల్లెళ్ళు నేల మీద ఆడుకుంటుంటే, అయిదో తరగతితో చదువాపేసిన అమ్మ పక్కన చేరి, "అంటే ఏంటే?" అనేది. ఏ మాట పెట్టినా సరే, అంటే ఏంటే. అన్నయ్య విసుక్కునేవాడు, అర్థంతో పనేంటమ్మా, పదహారు పాయింట్లు, చాలదా? చెల్లాయి మాత్రం పక్కింటి పంతులమ్మగారి నిఘంటువు తెచ్చి వెతికి చెప్పేది. అలా మొదలైంది మొదటి నోటుబుక్కు. ఎడం వైపు మాట, కుడి వైపు అర్థం, అమ్మకి తెలిసే తెలుగులో. ఓర్ట్, తినగా కంచంలో మిగిలిపోయిన ముక్క. వగ్, బయటికి మామూలు రాయే, లోపల డొల్ల, ఆ డొల్ల గోడలకి మెరిసే స్ఫటికాలు. రూత్, జాలి. ఇంగ్లీషువాళ్ళు జాలి లేనివాణ్ణి రూత్‌లెస్ అని ఇంకా పిలుస్తున్నారు కానీ జాలిని పిలవడం మానేశారు చూశావా, అంటే అమ్మ రెండు రోజులు ఆ మాటే తల్చుకుని నవ్వుకుంది. పదకొండు నోటుబుక్కులు. పెళ్ళయినా ఆగలేదు, పిల్లలు పుట్టినా ఆగలేదు, దుకాణంలో మధ్యాహ్నం ఎవరూ రాని వేళ కౌంటరు వెనక కూర్చుని రాసింది. ఆ నోటుబుక్కుల్లోంచే అన్నయ్య మాటలు బట్టీ పట్టేవాడు. ఎలా? ఒక స్టీలు స్కేలు తీసుకుని, కుడి వైపు అర్థాల మీద నిలువుగా పెట్టి, అవి కంటబడకుండా కప్పేసి. అర్థాలు చూస్తే బుర్ర బరువెక్కుతుందట, మాటలు జారిపోతాయట. ఆ చప్పుడు కూడా ఆవిడకి గుర్తే, కాగితం మీద స్కేలు జరిగే చప్పుడు, సర్ర్ సర్ర్. ముప్ఫయ్యేళ్ళు ఆవిడ రాసిందాన్ని ఆ మనిషి స్కేలు కింద పెట్టాడు, ఇవాళ అట్టెక్కించి తన ఫోటో వేసుకున్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కాదూ!

అన్నయ్య మొదటి మాట పెట్టాడు, ఎదురుగా పళ్ళ డాక్టరమ్మ కళ్ళజోడు పైకి జరుపుకుంది. ఆ కళ్ళజోడు తన దుకాణంలోదే, ఎడమ కంటికి పావు నంబరు ఎక్కువ. డాక్టరమ్మ మంచి మనిషి, ఆరేళ్ళుగా ఆడుతోంది, ఫైనల్‌కి రావడం ఇదే మొదలు. కుర్చీ అంచు మీద కూర్చుంది, దవడ బిగించింది, పక్కవాళ్ళ పళ్ళు పీకేటప్పుడూ ఇలాగే ఉంటుందేమో. ఆ చోట ఒకప్పుడు తనూ కూర్చుంది. పంతొమ్మిదేళ్ళప్పుడు. ఇంతమంది లేరు, స్కూలు గదిలో బెంచీల మీద ఆడారు. ఎదురుగా అన్నయ్యే. ఆఖరి బిళ్ళతో ఓడించింది, మూడు పాయింట్లతో. ఆ మూడూ ఇప్పటికీ వేళ్ళ మీద లెక్కపెట్టుకోగలదు. అన్నయ్య కోప్పడలేదు, అదే విచిత్రం, లేచి భుజం తట్టాడు, అందరితో మా చెల్లాయి అన్నాడు, ఇంటికొచ్చి వారం రోజులు అన్నం ముందు మౌనవ్రతం పట్టాడు. ఆ వారం చివర అమ్మే అంది, పోనీలేవే, మగపిల్లాడు, మనసు కష్టపెట్టుకున్నాడు. తర్వాతి ఏడు క్లబ్బువాళ్ళు జడ్జి కావాలన్నారు, అన్నయ్య ముందుకొచ్చి, మా చెల్లాయి కంటే నిజాయితీ గల మనిషి మీకెక్కడ దొరుకుతుందండీ అన్నాడు. చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొడుతుంటే ఏం చేస్తుంది, నవ్వింది. జడ్జి ఆడకూడదు, అది రెండో నియమం. అడ్డు తొలగించుకోవడానికి తిట్టక్కర్లేదు, పొగిడితే చాలని ఇరవయ్యేళ్ళ పిల్లకి ఏం తెలుసు. ఇప్పుడు తెలిసింది, నలభై రెండేళ్ళకి, చేతులు కాలాక. థూ, అనుకుంది. మైకు ఆన్‌లో ఉందేమోనని ఉలిక్కిపడి చూసుకుంది. లేదు.

నోటుబుక్కులు ఇంట్లోంచి పోయింది అమ్మ పోయిన నెలకి. అప్పుడు ఆవిడకి ఏదీ పట్టేది కాదు, ఎవరేది అడిగితే అది తీసుకెళ్ళమనేది. అన్నయ్య వచ్చి సంచిలో సర్దుకున్నాడు, ప్రాక్టీసు చేసుకుని పదిరోజుల్లో ఇస్తానన్నాడు. పది నెలలైంది. అడిగినప్పుడల్లా ఇస్తాలేవే, నోటుబుక్కులు ఎక్కడికి పారిపోతాయి అన్నాడు. ఎక్కడికి పారిపోయాయో ఇవాళ పొద్దున తెలిసింది. హాల్లో రంగు కాగితం చుట్టిన పుస్తకాల కట్టలు, ఆటకి ముందు ఆవిష్కరణ, క్లబ్బు సెక్రటరీ ఉపన్యాసం. "మాటల ఆటగాళ్ళ కోసం అరుదైన ఇంగ్లీషు మాటలు, వాటి తెలుగు అర్థాలు, ముప్ఫయ్యేళ్ళ తపస్సు!" అని సెక్రటరీ బల్ల గుద్దాడు. తపస్సట! స్కేలు పట్టుకుని చేసిన తపస్సు! జడ్జిగారికి మొదటి ప్రతి అని వేదిక మీదికి పిలిచి చేతిలో పెట్టారు, అన్నయ్య పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. అప్పటికింకా లోపల చూళ్ళేదు, అన్నయ్య ఏదో రాశాడని నిజంగానే సంతోషపడింది, అదీ సిగ్గుచేటు. కుర్చీలోకొచ్చి తెరిస్తే తన మాటలు. తన వాక్యాలు. కూమ్, కొండ ఒడిలో గిన్నెలా తొలిచినట్టున్న పల్లం. గిన్నెలా అన్న పోలిక కూడా తనదే, అమ్మ కోసం పెట్టింది. ఊళ్ళో దొంగతనం జరిగితే కేసు పెట్టొచ్చు. అన్నయ్య ఎత్తుకుపోతే ఎవరితో చెప్పుకోవాలి, మా ఆయనతో చెబితే పోనీలే ఇంట్లోదేగా అంటారు, వదినతో చెబితే మీ అన్నయ్య అంత కష్టపడి అంటుంది. మింగలేక కక్కలేక. కక్కడానికి సిద్ధమయ్యేముందు వచ్చే ఆ ఓకరింపుకి కూడా ఒక ఇంగ్లీషు మాటుంది, కెక్. అదీ ఈ పుస్తకంలో ఉంటుంది, ఎందుకుండదు, తనే రాసిందిగా.

కెక్ కోసం వెతుకుతుంటేనే కంటబడింది. వేరే పేజీలో, వేరే మాట. ఆక్స్‌టర్. చంక. అంతవరకూ బాగానే ఉంది. దాని కిందే, అచ్చులో, అంతే లావు అక్షరాలతో, "అమ్మ పడీ పడీ నవ్వింది, చంకకి కూడా ఇంత పెద్ద పేరు పెట్టుకున్నారా దొరలు అని." చెల్లాయి ఆ వాక్యం మళ్ళీ చదివింది. అది ఆ మాటకి అర్థం కాదు. అది తను పక్కన పెన్సిలుతో రాసుకున్నది. రాసుకునేది, అవును, అప్పుడప్పుడూ, అర్థం కింద ఖాళీ ఉంటే ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో ఒక ముక్క, ఎవరేమన్నారో ఒక ముక్క. ఎవరు చదువుతారు, తనూ అమ్మాగా చదివేది. టైపు కొట్టిన పిల్లెవరో, పాపం, నోటుబుక్కులో ఏదుంటే అది కొట్టేసింది, పెన్నుదీ పెన్సిలుదీ. మరి అచ్చుకెళ్ళేముందు అన్నయ్య సరిచూసుకోలేదా? చూసుకునే ఉంటాడు. సర్ర్, సర్ర్. కుడి వైపు స్కేలు పెట్టి, ఎడం వైపు మాటలన్నీ ఒక్కటీ తప్పు పోకుండా చూసుకునుంటాడు. పుస్తకం రాసినాయన తన పుస్తకంలో సగం ఇంతవరకూ చదవలేదు! నవ్వొచ్చింది. నవ్వుతో పాటే గుండె జారింది, ఇంకా ఏమేం రాశాను దేవుడా. పేజీలు గబగబా తిప్పింది. యెక్స్, వెక్కిళ్ళు, "సెక్రటరీగారి ఉపన్యాసం మధ్యలో వస్తే బాగుణ్ణు, కనీసం ఆగుతాడు." అయిపోయింది. ఫార్డ్, మొహానికి రంగు పూయడం, "వదిన, ఫోటో ఉందంటే." అయ్యయ్యో. డ్రీ, నోరెత్తకుండా ఓర్చుకోవడం, "మా ఆయన గురక, ఇది పద్నాలుగో ఏడు." ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అయిదొందల ప్రతులు. గుమ్మం దగ్గర బల్ల మీద అప్పుడే సగం కట్టలు ఖాళీ, ముందు వరసలో వదిన ఒళ్ళో ఒకటి, సెక్రటరీ చంకలో ఒకటి. ఇంకా ఎవరూ తెరవలేదు, అందరి కళ్ళూ బోర్డు మీదే. తెరిచినా వీళ్ళు ఎడం వైపే చదువుతారు, ఒకటి రెండు నెలలు బయటపడకపోవచ్చు. కానీ ఎవడో ఒకడుంటాడు, దుకాణానికొచ్చిన తాతలాంటివాడు.

చెప్పాలి. ముందు అదే అనిపించింది, అంత కోపంలోనూ. కట్టలు వెనక్కి తీసుకొమ్మని, పరువు పోతుందని. ఈ బుద్ధి ఎక్కడ పోతుంది, చిన్నప్పట్నుంచీ వాడు కింద పడితే దుమ్ము తను దులపడం అలవాటు. ఆట సగమైంది, నీళ్ళు తాగడానికి అయిదు నిమిషాలు గడియారాలు ఆపారు, అన్నయ్య సీసా పట్టుకుని ఇటే వచ్చాడు. చెల్లాయి లేచింది, పుస్తకంలో వేలు పెట్టి, "అన్నయ్యా, ఇది ఒకసారి చూడు, ఈ అర్థాల్లో..." 

"అబ్బా, ఆట మధ్యలో నీ అర్థాలూ గిర్థాలూ ఏంటే!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి వినబడేలా నవ్వాడు కూడా. "మొహం అలా ముడుచుకు కూర్చోకు, ఫోటోల్లో పడుతుంది. పేరు వెయ్యలేదనా? వేశానుగా, మొదటి పేజీలో."

"టైపు అని వేశావు."

"ఏదో ఒకటి. ఎవరు చదువుతారు?" సీసా మూత బిగించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఎవరు చదువుతారు. చెల్లాయి కూర్చుంది. పుస్తకాన్ని బల్లకేసి నొక్కిపట్టింది. ఎవరు చదువుతారట, అమ్మ చదివేది రా. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేది. ఆస్పత్రిలో పదిహేడు రోజులు, మాట్లాడితే ఆయాసమొచ్చి, చెయ్యి లేపలేక, ఆ నోటుబుక్కు కావాలని కళ్ళతోనే అడిగేది. పదకొండో నోటుబుక్కు అంతా అక్కడ రాసిందే, ఆ ఆకుపచ్చ గోడల గదిలో, మందుల వాసనలో, స్టూలు మీద కూర్చుని. పొద్దున పది మాటలు, సాయంత్రం పది మాటలు. ఒక మాట చెబితే అమ్మ కాసేపు నొప్పి మర్చిపోయేది. నర్సు వచ్చి, ఏం చదువుతున్నారమ్మా, పరీక్షలా అనేది. మంచానికి ఆ పక్క ఒక కుర్చీ ఉండేది, ప్లాస్టిక్ కుర్చీ, ఒక కాలు కొంచెం పొట్టి. అది అన్నయ్య కోసం. తను వేసింది కాదు, అమ్మే వేయించింది. డాక్టరొచ్చి దాన్ని జరపబోతే అమ్మ ఊరుకునేది కాదు. అన్నయ్య ఫోన్లు చేసేవాడు, చేశాడు, కాదనడం లేదు, ఆఫీసు అన్నాడు, తర్వాత పోటీలన్నాడు, జాతీయ పోటీలు, ఎనిమిది రోజులు, గెలిచి కప్పు తెచ్చి అమ్మ చేతిలో పెడతానన్నాడు. గెలిచాడు. పద్దెనిమిదో రోజు కప్పుతో దిగాడు. ఆ కప్పు అమ్మ ఫోటో ముందు పెట్టి అందరి ముందూ భోరున ఏడిస్తే, వచ్చినవాళ్ళంతా ఎంత మంచి కొడుకో అన్నారు. ఆ రోజు చెల్లాయి నోరు తెరవలేదు. ఇప్పుడు ఆ పదకొండో నోటుబుక్కు కూడా ఇందులో ఉంది. అమ్మ గదిని, అమ్మ మంచాన్ని, అమ్మ అడిగిన ప్రశ్నల్ని కట్టలు కట్టి గుమ్మం దగ్గర పెట్టాడు, ఏం పెట్టాడో కూడా చూసుకోకుండా. పేరు పోయిందని కదూ ఇందాకటి కోపం. పేరెవడిక్కావాలిరా! ఆ కోపం ఇప్పుడు చిన్నపిల్లల అలకలా అనిపించింది. ఇది వేరే. ఇది కుదురుగా ఉంది.

అప్పుడే డాక్టరమ్మ చెయ్యెత్తింది. "జడ్జి!"

గడియారాలాగాయి. చెల్లాయి లేచి బోర్డు దగ్గరికెళ్ళింది. సంచి ఖాళీ. అన్నయ్య దగ్గర నాలుగు బిళ్ళలు మిగిలాయి, డాక్టరమ్మ దగ్గర రెండు. అంకెలు చూస్తే డాక్టరమ్మే తొమ్మిది ముందుంది, ఈ మాట చెల్లితే అన్నయ్య దాటేస్తాడు, చెల్లకపోతే కప్పు డాక్టరమ్మది. బోర్డు మీద కింది వరసలో కొత్తగా పేర్చిన మాట. చెల్లాయి చదివింది. చీటీ మీద రాసుకుంది, ఆరక్షరాలు. ఒక్కో అక్షరం రాస్తుంటే ఆకుపచ్చ గోడలు కనబడ్డాయి. అల్లేజ్. ఇంతకాలం వాడు బట్టీ పట్టిన వేల మాటల్లో ఇదే వచ్చింది వాడి చేతికి. దానంతటదే వచ్చిందో, అమ్మ పంపిందో. ఛ, అమ్మ ఎవరి మీదికీ ఏదీ పంపే మనిషి కాదు. అన్నయ్య వెనక్కి వాలి కూర్చున్నాడు. చెల్లుతుందని వాడికి తెలుసు, వాడి మొహమే చెబుతోంది. డాక్టరమ్మకి చెమటలు పట్టాయి.

"నేనెప్పుడూ వినలేదండీ ఈ మాట," అంది, ఎవరితో అని కాకుండా. "అసలు అంటే ఏంటి?"

అంటే ఏంటి. చెల్లాయి బల్ల దగ్గరికొచ్చి జాబితా తెరవబోయింది.

"అది తర్వాత చూద్దువుగాని చెల్లాయ్," అన్నాడు అన్నయ్య, జనం వైపు తిరిగి, చెయ్యి ఊపుతూ. "నా పుస్తకంలో ఉంది చూడు. అర్థంతో సహా ఉంది. మైకులో చదివి వినిపించు, డాక్టరమ్మగారు అడిగారు కదా, అందరికీ తెలుస్తుంది ఎలాంటి పుస్తకమో."

"నియమం ప్రకారం జడ్జి అర్థం..." అని సెక్రటరీ నసిగాడు.

"ఆఖరాటలో నియమాలేంటి సార్! సంచిలో బిళ్ళలే లేవు. ఆడేవాణ్ణి నేను, నాకభ్యంతరం లేదు. మీకేమైనా ఉందా అమ్మా?" డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. సెక్రటరీ కానివ్వండి అన్నట్టు చెయ్యి చూపించాడు. ముందు వరసలో వదిన తన పుస్తకం ఎత్తి పట్టుకుని ఫోటోకి సర్దుకుంది.

చెల్లాయికి ఒక్క క్షణం జాలేసింది. వాడి కాలర్ వెనక చిరుగు ఎవరో కుట్టారు, దారం రంగు కలవలేదు. చిన్నప్పుడైతే తనే కుట్టేది, కలిసే రంగు దారంతో. చదవను, నియమం నియమమే అనొచ్చు. ఒక్క ముక్కతో పోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఒక్క ముక్కతోనే పోనిచ్చింది. "అన్నయ్యా, చదవమంటావా?" అని అడిగింది, మెల్లగా, మైకులో పడకుండా. ముందు నువ్వోసారి చూసుకో అని, ఆ మాటున్న పేజీ తీసి వేలు పెట్టి, పుస్తకం కూడా చాపింది.

"చదవవే, గడియారం ఆగుంది!" అన్నాడు, పుస్తకం వంక చూడకుండానే.

చెల్లాయి మైకు దగ్గరికి లాక్కుంది. పేజీ వెతుక్కోనక్కర్లేకపోయింది, వేలు అక్కడే ఉంది. రోజూ వాడే గొంతుతోనే, చెల్లుతుంది, చెల్లదు అనే ఆ గొంతుతోనే, తొందరపడకుండా, అమ్మకి వినబడేటంత నింపాదిగా చదివింది.

"అల్లేజ్. పీపాలోనో సీసాలోనో పోసింది పోగా, పైన నిండకుండా ఉండిపోయిన ఖాళీ. అమ్మకి చెబితే, నిండు కుండ తొణకదంటారు, నిండనిదానికీ ఒక పేరుందా అంది. తర్వాత మంచం పక్కన ఖాళీ కుర్చీ కళ్ళతో చూపించి, ఇదేనా అని అడిగింది. ఆస్పత్రి, పదకొండో రోజు. అన్నయ్య ఇవాళా రాలేదు. పోటీ ఉందట."

పుస్తకం మూసింది. వదిన ఎత్తిన పుస్తకం మెల్లగా ఒళ్ళోకి దిగింది. అన్నయ్య చెయ్యి ఇంకా జనం వైపు చాపి ఉంది, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు చూసుకుని బల్ల కిందికి తీసుకున్నాడు. పుస్తకం నాది కాదు అనాలి, లేకపోతే ఆ మాట నిజమని ఒప్పుకోవాలి. చుట్టూ ఎంతమంది చూస్తున్నారో చెల్లాయి పట్టించుకోలేదు, వాడి మొహమే చూసింది, ఆ పద్దెనిమిదో రోజు తర్వాత మొదటిసారి నేరుగా. తర్వాత ఇటుకంత జాబితా ముందుకి లాక్కుని, చీమల బారుల్లో వేలు జరిపి, ఆరక్షరాల దగ్గర ఆపింది. తీర్పు తీర్పే, దానికీ దీనికీ సంబంధం లేదు.

"చెల్లుతుంది," అంది. "డాక్టరమ్మగారికి ఈ వంతు పోయింది. గడియారం నొక్కండి. నీ వంతే, అన్నయ్యా."